సంస్థాగత న్యాయము, సంస్థా పౌరవర్తనము

ఉద్యోగిని నియమించుకొనునపుడు యజమాని వ్రాయించు ఒడంబడికలోగాని, కార్యాలయములలో పనుల పంపకమునకై జారీయగు ఉత్తరువులలోగాని కనుపించని పనులు ప్రతి కార్యస్థానమునందును దినదినము జరుగుచుండును. కొత్తగా చేరిన గుమాస్తాకు దస్త్రముల క్రమము నేర్పుట, సెలవులోనున్న సహోద్యోగి బల్లమీద నిలిచిపోయిన అత్యవసరపు కాగితమును తానే పైకి పంపుట, యంత్రపు చప్పుడులో ఏదో తేడా వినవచ్చినదని తన షిఫ్టు ముగిసినను మెకానిక్కు వచ్చువరకు కనిపెట్టుకొనియుండుట, నియమములలోని లోపమును జంకక పైయధికారులకు ఎత్తిచూపుట మొదలైనవి చేసినవారికి అదనపు భత్యము రాదు. చేయనివారికి సంజాయిషీ నోటీసు రాదు. ఇట్టి వర్తనమునకు సంస్థా పౌరవర్తనమని పేరు. జీతభత్యములు, పదోన్నతులు, బదిలీలు, శిక్షలు మున్నగు విషయములలో సంస్థ నడచుకొను తీరు ధర్మబద్ధమైనదని ఉద్యోగులకు తోచుటకు సంస్థాగత న్యాయమని పేరు. ఈ రెంటికిని గల సంబంధమును గూర్చి గడచిన నాలుగు దశాబ్దములలో విస్తారమైన పరిశోధన జరిగినది. అందు తేలిన విషయములలో మిక్కిలి విలువైనది ఏదనగా, ఉద్యోగికి దక్కిన వాటా ఎంత అనుదానికన్న, ఆ వాటాను నిర్ణయించిన పద్ధతియు, నిర్ణయించినవారు అతనితో మాటలాడిన తీరును అతని స్వచ్ఛంద సహకారమును ఎక్కువగా శాసించుచున్నవి.

ఈ పనులు విడివిడిగా చూచినపుడు స్వల్పములుగా కనుపించినను, వీనిపై సంస్థ ఎంతగా ఆధారపడియుండునో కార్మికోద్యమముల చరిత్ర చెప్పగలదు. పని మానకయే యజమానిపై ఒత్తిడి తెచ్చుటకు సంఘములు అవలంబించు ఉపాయములలో ‘వర్క్ టు రూల్’ అను పేర పత్రికలలో కనుపించునది ఒకటి. అందు ఉద్యోగులు ఒక్క నియమమునైనను మీరరు, వ్రాసియున్నదంతయు వ్రాసినట్లే చేయుదురు, అంతకుమించి చేయరు. దానితో రైళ్లు ఆలస్యమగును, ఉత్తరములు గుట్టలుపడును, కర్మాగారమున ఉత్పత్తి పడిపోవును. ఏ నియమావళియు కార్యస్థానమున తలయెత్తు ప్రతి సందర్భమును ముందుగా ఊహింపజాలదు గావున, అందలి ఖాళీలను నిత్యము పూరించుచున్నది ఉద్యోగుల సద్భావమే యని ఇట్టి సమయములందు స్పష్టపడును. న్యూజెర్సీ బెల్ టెలిఫోను కంపెనీకి అధ్యక్షుడుగా నుండిన చెస్టర్ బర్నార్డ్ 1938లో కార్యనిర్వాహకుల విధులను గూర్చి ప్రకటించిన గ్రంథమున, మనుష్యులు సహకరించుటకు ఇచ్చగింపనిదే సంస్థయే లేదని చెప్పెను. 1964లో డేనియల్ కట్జ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ భావమును ఇంకను స్ఫుటము చేసెను. జనులు వచ్చి చేరి నిలిచియుండుట, తమకు విధించిన పనిని నమ్మకముగా చేయుట అనునవి చాలవనియు, విధింపని పనిని సమయస్ఫూర్తితో చేయుట యను మూడవది కూడ సంస్థకు ప్రాణావసరమనియు, విధించినదానిపైననే ఆధారపడిన సంస్థ మిక్కిలి పెళుసైనదనియు అతని సిద్ధాంతము.

ఈ మూడవదానిని ప్రత్యేక పరిశోధన విషయముగా నిలిపినవాడు ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన డెనిస్ ఆర్గన్. సంతృప్తుడైన ఉద్యోగి ఎక్కువ ఉత్పత్తి చేయునని కార్యనిర్వాహకులు చిరకాలముగా నమ్ముచుండగా, పరిశోధనలు ఆ నమ్మకమును అంతగా బలపరచలేదు. ఆర్గన్ 1977లో దీనికొక సమాధానము సూచించెను. ఉత్పత్తి పరిమాణము యంత్రవేగముచేతను, నైపుణ్యముచేతను, పర్యవేక్షణముచేతను బంధింపబడియుండును గావున ఉద్యోగి మనఃస్థితి అందు అంతగా ప్రతిఫలింపదనియు, అతని ఇచ్చకు విడువబడిన సహాయములందే అది వెల్లడియగుననియు అతడు తలచెను. ఆ ఊహను పరీక్షించిన రెండు వ్యాసములు 1983లో వెలువడినవి. వానిలో ఒకటి థామస్ బేట్‌మన్‌తోను, రెండవది ఆన్ స్మిత్, జానెట్ నియర్ అనువారితోను కలిసి వ్రాసినది. 1988 నాటి తన గ్రంథమున ఆర్గన్ ఈ వర్తనమునకు ఐదు ముఖములను చెప్పెను. ఇరుగుపొరుగువారి పనికి తోడ్పడుట, చూచువారు లేకున్నను నియమనిష్ఠ తప్పకుండుట, చిన్న అసౌకర్యములకు ఫిర్యాదులు పెంచక ఓర్చుకొనుట, తన పనివలన ఇతరులకు చిక్కు రాకుండ ముందుగనే తెలియజేయు మర్యాద, సంస్థ వ్యవహారములందు బాధ్యతతో పాల్గొనుట అనునవి అవి. తరువాతివారు వీనిని వ్యక్తుల మేలు కోరునవి, సంస్థ మేలు కోరునవి అని రెండుగా కుదించిరి. పేర్ల విషయమున పండితులు చాల వాదులాడిరి గాని, ఆ వివాదము ప్రస్తుతమునకు అంత ముఖ్యము గాదు.

న్యాయభావనలోని అంతరములు

కార్యస్థానమున న్యాయమనగానే తొలుత తోచునది పంపకపు న్యాయము. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పరిశోధకుడుగా పనిచేసిన జాన్ స్టేసీ ఆడమ్స్ 1963, 1965 సంవత్సరములలో దీనిని శాస్త్రరీతిని ప్రతిపాదించెను. ఉద్యోగి తాను పెట్టిన శ్రమకును పొందిన ఫలమునకును గల నిష్పత్తిని ఇతరుల నిష్పత్తితో పోల్చి చూచుకొనుననియు, అవి సరిపోనపుడు కలుగు మనఃక్లేశమును తొలగించుకొనుటకు ఏదో ఒక మార్గమును వెదకుననియు అతడు చెప్పెను. ఎక్కువ ముట్టినవాడును కలత చెందుననుట ఈ సిద్ధాంతమునందలి విశేషము. ఆడమ్స్, జేకబ్సన్ 1964లో జరిపిన ప్రయోగమున, తగిన అర్హత లేకున్నను పూర్తి కూలి లభించుచున్నదని నమ్మింపబడిన ప్రూఫులు దిద్దువారు పుటల సంఖ్యను తగ్గించుకొని తప్పులను మరింత శ్రద్ధగా పట్టిరి.

రెండవది పద్ధతి న్యాయము. జాన్ తిబో, లారెన్స్ వాకర్ అనువారు న్యాయస్థానపు వివాదములను ప్రయోగశాలలో అనుకరించి పరిశీలించి, 1975లో ప్రకటించిన గ్రంథమున, తన పక్షమును పూర్తిగా చెప్పుకొనుటకు అవకాశము లభించినవాడు తీర్పు ప్రతికూలమైనను ఆ విచారణను న్యాయమైనదిగా తలచునని నిరూపించిరి. జెరాల్డ్ లెవెంతాల్ 1980లో ఈ దృష్టిని న్యాయస్థానమునుండి సకల సంస్థలకు విస్తరింపజేసి, ఆరు లక్షణములను నిర్దేశించెను. పద్ధతి అందరియెడను అన్నివేళలను ఒకేరీతిగా నుండవలెను; నిర్ణయించువాని స్వార్థమునకును పక్షపాతమునకును చోటుండరాదు; ఆధారమగు సమాచారము సరియైనదై యుండవలెను; తప్పు జరిగినచో దిద్దుకొను మార్గముండవలెను; నిర్ణయమునకు లోబడువారి అభిప్రాయములు వినబడవలెను; అది లోకసమ్మతమగు నీతికి విరుద్ధము గారాదు.

తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వ ఉపాధ్యాయుల బదిలీలకై నడచుచున్న కౌన్సెలింగు పద్ధతి ఈ లక్షణములలో కొన్నింటికి మంచి ఉదాహరణము. సేవాకాలమునకును, పనిచేసిన గ్రామపు స్థితికిని, ప్రత్యేక పరిస్థితులకును పాయింట్లు కేటాయించి, వరుసక్రమమును ముందుగా ప్రకటించి, ఆక్షేపణలను స్వీకరించి, ఖాళీలను అందరికిని చూపి, ఆ వరుసలోనే కోరుకొననిత్తురు. కోరిన ఊరు దొరకనివారు ఎందరో యుందురు. అయినను తనకన్న ముందున్నవాడు ఎందుచేత ముందున్నాడో ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. సిఫారసు ఉత్తరముతో ఒకడు రాత్రికి రాత్రి పట్టణమునకు పోయినాడని వినుటకును, పాయింట్లు తక్కువై తాను దూరపు గ్రామమునకు పోవుటకును నడుమనున్న భేదము దూరపు మైళ్లలో లేదు. కౌన్సెలింగు ముగిసిన పిమ్మట పైరవీ బదిలీలు జరుగునపుడు ఉపాధ్యాయ సంఘములు తీవ్రముగా నిరసించుటకు కారణమిదియే.

మూడవది వ్యవహార న్యాయము. పద్ధతి మంచిదైనను దానిని అమలు జరుపు అధికారి పరుషముగా మాటలాడినచో, కారణము చెప్పక కాగితము విసరినచో, ఉద్యోగికి అన్యాయమే తోచునని రాబర్ట్ బీస్, మోగ్ అనువారు 1986లో గుర్తించిరి. తరువాత జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ దీనిని మర్యాదకు సంబంధించినదనియు, వివరణకు సంబంధించినదనియు రెండుగా విభజించెను. ఈ నాలుగింటిని కొలుచు ప్రశ్నావళిని జేసన్ కోల్‌క్విట్ 2001లో రూపొందించెను.

వివరణకు ఎంత శక్తి కలదో గ్రీన్‌బర్గ్ 1990లో ప్రకటించిన పరిశోధన వలన తెలియుచున్నది. అమెరికాలోని ఒక కంపెనీకి కొన్ని ఆర్డర్లు చేజారగా, ఎవరినీ ఉద్యోగమునుండి తొలగింపక, రెండు కర్మాగారములలో పదివారములపాటు జీతములను నూటికి 15 వంతున తగ్గించిరి; మూడవ కర్మాగారమున తగ్గింపు లేదు. ఒకచోట కంపెనీ అధ్యక్షుడే కార్మికులను సమావేశపరచి, లెక్కలు చూపి, విచారము వెలిబుచ్చి, వారి ప్రశ్నలకెల్ల ఓపికతో సమాధానము చెప్పెను. రెండవచోట కొలదిమాటలతో విషయమును తెలిపి ముగించిరి. జీతము తగ్గిన రెండు చోట్లను సరుకు దొంగతనములు పెరిగినవి గాని, వివరణ దొరకనిచోట అవి మరింత ఎక్కువగా పెరిగినవి. అచట పని విడిచిపోయినవారును ఎక్కువే. జీతములు యథాస్థితికి రాగానే దొంగతనములును పూర్వస్థితికి దిగినవి. కోతలో రెండు కర్మాగారములకును భేదము లేదు. ఉన్న భేదమెల్ల మనుష్యులను మనుష్యులుగా ఎంచి మాటలాడుటలో నున్నది.

పరిశోధనల సాక్ష్యము

పై పరిశోధన అన్యాయమునకు ప్రతిక్రియను చూపినది. న్యాయమునకు ప్రతిక్రియగా సంస్థా పౌరవర్తనము ఎట్లు కలుగునో చూపినవారిలో రాబర్ట్ మూర్‌మన్ ముఖ్యుడు. 1991లో అతడు ప్రకటించిన వ్యాసమున రెండు విషయములు గమనింపదగినవి. న్యాయభావనను ఉద్యోగ సంతృప్తినుండి వేరుచేసి కొలిచినపుడు, సంతృప్తికిని పౌరవర్తనమునకును గల సంబంధము తొలగిపోయినది. అనగా సంతృప్తి చేసినదని అంతవరకు తలచిన పని చాలవరకు న్యాయభావన చేసినదే యన్నమాట. ఇక న్యాయపు శాఖలన్నింటిలోను అతని పరిశీలనమున పౌరవర్తనముతో సంబంధము కనబరచినది వ్యవహార న్యాయమే. పైయధికారి ఉద్యోగితో మెలగు తీరునకు ఇంతటి ఫలముండుట, వేతన సంస్కరణలకై సంవత్సరములు వేచియుండవలసిన పని లేకయే ఏ చిన్న కార్యాలయమందైనను ఈ మార్పునకు పూనుకొనవచ్చుననుట, మిక్కిలి ఆశాజనకమైన విషయములు.

1994లో మేరీ కొనొవ్‌స్కీ, డగ్లస్ ప్యూ అనువారు ఒక ఆసుపత్రి ఉద్యోగులను పరిశీలించి, పద్ధతి న్యాయము నేరుగాగాక, పైయధికారిపై విశ్వాసమును కలిగించుట ద్వారా పౌరవర్తనమునకు దారితీయుచున్నదని కనుగొనిరి. అంతకుముందు 1989లో కొనొవ్‌స్కీయే రాబర్ట్ ఫోల్జర్‌తో కలిసి జీతముల పెంపును పరిశీలించినపుడు, వచ్చిన మొత్తము సమంజసమా యనునది జీతముపట్ల సంతృప్తిని, నిర్ణయించిన పద్ధతి సమంజసమా యనునది సంస్థపట్ల అనురక్తిని, అధికారిపై నమ్మకమును ఎక్కువగా నిర్ణయించునని తేలియుండెను.

ఇట్టి పరిశీలనలకు ఒక ఆక్షేపణ కలదు. తోడ్పడు స్వభావముగల మంచి ఉద్యోగిని అధికారి మంచిగా చూచుట సహజము గదా. అట్లయినచో ఏది కారణము, ఏది కార్యము? ఈ సందేహమునకు బలమైన సమాధానము కెనడాలోని ఒక కార్మికసంఘమున దొరకినది. డేనియల్ స్కార్లికి, గారీ లేథమ్ అనువారు సంఘ నాయకులలో కొందరికి న్యాయసూత్రములలో శిక్షణ ఇచ్చిరి. సభ్యుల మాట ఎట్లు వినవలెను, నిర్ణయమునకు కారణములెట్లు చెప్పవలెను, అందరియెడ ఒకేరీతి ఎట్లు మెలగవలెను అనునవి ఆ శిక్షణలోని విషయములు. కొంతకాలము గడచిన పిమ్మట చూడగా, శిక్షణ పొందిన నాయకుల క్రిందనున్న సభ్యులు, తక్కినవారికన్న సంఘపు పనులలో ఎక్కువగా స్వయముగా పాల్గొనుచుండిరి. 1996లో ప్రకటింపబడిన ఈ ఫలితమును వారు మరుసటి సంవత్సరమే మరియొకమారు పరీక్షించి ధ్రువపరచిరి. న్యాయముగా మెలగుట పుట్టుకతో వచ్చు గుణము మాత్రమే గాదు, నేర్పగల విద్య యనియు దీనివలన తెలియుచున్నది. 2001లో కోల్‌క్విట్ బృందము 183 పరిశోధనలను, కోహెన్-చరాష్, స్పెక్టర్ అనువారు 190 పరిశోధనలను వేరువేరుగా సమీకరించి చూచినపుడును, న్యాయభావన పెరిగినచోట పౌరవర్తనము పెరుగుననియే కనబడినది.

కారణములు

సంస్థ న్యాయముగా నున్నచో ఉద్యోగి తన విధిని మించి ఏల పనిచేయును? పీటర్ బ్లావ్ 1964లో చేసిన విభాగము ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము. క్రయవిక్రయపు వినిమయమున ఎవరు ఏమి ఇయ్యవలెనో, ఎప్పుడు ఇయ్యవలెనో ముందే నిశ్చితము. సాంఘిక వినిమయమున అట్టి నిశ్చయము లేదు. వరినాట్ల తరుణమున ఇరుగుపొరుగు రైతులు ఒకరి మడిలో ఒకరు బదులు పనిచేయునట్లు, మేలు చేసినవాడు ఏనాటికైనను అది వేరొక రూపమున తిరిగివచ్చునని నమ్మి చేయును. ఆ నమ్మకమునకు మూలము న్యాయము. లెక్క తప్పుచున్నదని అనుమానము తగిలిన నాడు ఉద్యోగి క్రయవిక్రయపు వినిమయమునకు మరలిపోవును; గడియారము చూచుకొని పనిచేయును. ఇందు గమనింపదగినదేమనగా, జీతమునకు తగిన పనిని తగ్గించినచో అతనికి శిక్ష భయము కలదు, విధికి మించిన పనిని తగ్గించినచో ఏ భయమును లేదు. కావున అన్యాయమునకు తొలి ప్రతిక్రియ సాధారణముగా ఇచటనే, నిశ్శబ్దముగా, ఏ రిజిస్టరులోను నమోదు గాకుండ జరుగును.

ఆలన్ లిండ్, టామ్ టైలర్ అనువారు చెప్పిన కారణము ఇంతకన్న లోతైనది. మనుష్యుడు పద్ధతిని గమనించునది కేవలము లాభనష్టముల కొరకు గాదనియు, ఈ సమూహమున తనకు గౌరవమైన స్థానము కలదా లేదా యని తెలిసికొనుటకు అదియే ఆనవాలనియు వారి మతము. తన మాట వినువారున్నచోట అతడు తనను ఆ సంస్థలో ఒకనిగా భావించును. తనదను భావము కలిగినచోట, ఇది నా పని గాదను మాట సహజముగా వెనుకకు తగ్గును. ఎలిజబెత్ మోరిసన్ 1994లో చూపినట్లు, విధి యనునది ఎచట ముగియునో ఉద్యోగులందరును ఒకే చోట గీత గీయరు. సంస్థపై అనురక్తి గలవారు ఆ గీతను దూరముగా గీసికొందురు.

సంప్రదాయ భేదములకును ఇందు స్థానము కలదు. జియింగ్-లీ ఫార్, అతని సహచరులు 1997లో తైవానునందు జరిపిన పరిశీలనమున, పెద్దలయెడ విధేయతయను సాంప్రదాయిక భావములు తక్కువగా గలవారిలో న్యాయభావనకును పౌరవర్తనమునకును గల సంబంధము బలముగా నుండెను. సాంప్రదాయికులు అధికారి న్యాయముగా నున్నను లేకున్నను తమ ధర్మమని చేయుచుందురు. మన దేశమున తరము మారుచున్నకొలది ఈ విషయము అధికారులు తలచుకొనదగినది.

భారతదేశము

పద్ధతి న్యాయమునకు సంబంధించిన భావములు భారతీయ కార్మిక శాసనమునకు కొత్తవి గావు. 1946 నాటి పారిశ్రామికోద్యోగ స్టాండింగ్ ఆర్డర్ల చట్టము, పనివారి నియమములు లిఖితములై యుండవలెనని విధించినది. ఆరోపణను వ్రాతమూలకముగా తెలిపి, సంజాయిషీ చెప్పుకొనుటకు అవకాశమీయనిదే కార్మికుని బర్తరపు చేయరాదని దానిని అనుసరించిన నమూనా నియమములు చెప్పినవి. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, నూరుగురు అంతకుమించి పనివారుగల సంస్థలలో ఉభయపక్షముల ప్రతినిధులతో వర్క్స్ కమిటీల నేర్పాటు చేయించుటకు వీలు కల్పించినది. చట్టములు ఉద్యోగికి కనీసపు రక్షణనే ఇచ్చినవి. అతని మాటను మనస్ఫూర్తిగా వినునట్లు ఏ చట్టమును అధికారిని నిర్బంధింపజాలదు.

ఈ సందర్భమున వరాహగిరి వేంకటగిరి పేరు స్మరింపదగినది. 1928 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెలో నాయకత్వము వహించిన అతడు, 1952లో కేంద్ర కార్మికమంత్రియై, పైనుండి విధించు నిర్బంధ తీర్పులకన్న యజమానులును కార్మికులును ముఖాముఖి కూర్చుండి కుదుర్చుకొను ఒడంబడికలే మేలని పట్టుపట్టెను. బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు ఇచ్చిన నిర్ణయమును ప్రభుత్వము మార్చగా 1954లో పదవిని విడిచెను. విచారణ జరిపి ఇచ్చిన తీర్పును పైనున్నవారు తమ ఇచ్చవచ్చినట్లు మార్చరాదనునది పద్ధతి న్యాయమునకు మూలము. దానికై మంత్రిపదవిని వదలుకొన్న వ్యక్తి తెలుగు కార్మిక నాయకుడగుట మనకు గర్వకారణము.

వికృతులు

స్వచ్ఛందమైనదానికి విలువ కలదని తెలిసిన వెంటనే దానిని నిర్బంధముగా రాబట్టవలెనను కోరిక కొందరు అధికారులకు కలుగును. ఎరన్ విగోడా-గడోట్ ఇజ్రాయెలునందలి ఉపాధ్యాయుల నడుమ పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమున, విధికి మించిన పనులను తమ ఇష్టముతోగాక పాఠశాల ఒత్తిడివలన చేయువారు ఎక్కువగా నున్నారనియు, అట్టి ఒత్తిడి అలసటకును, ఉద్యోగము విడువవలెనను తలంపునకును తోడగుచున్నదనియు చూపెను. సెలవుదినమున వాట్సాప్ సమూహమున పంపిన సందేశమునకు వెంటనే బదులీయని ఉద్యోగిని సంస్థయందు ప్రేమ లేనివానిగా లెక్కించు అలవాటు నేడు మన సాఫ్ట్‌వేరు కార్యాలయములకును, ప్రభుత్వ శాఖలకును సమానముగా వ్యాపించినది. అది వెట్టియే గాని పౌరవర్తనము కాదు.

స్త్రీల విషయము ఇంకను బాధాకరము. మెడ్లిన్ హైల్మన్, జూలీ చెన్ 2005లో ప్రకటించిన ప్రయోగములలో, సహోద్యోగికి తోడ్పడిన పురుషునికి మెప్పు పెరిగినది, తోడ్పడిన స్త్రీకి పెరగలేదు. తోడ్పడనిచో స్త్రీకే విలువ తరిగినది, పురుషునికి తరగలేదు. సమావేశమునకు ఏర్పాట్లు చేయుట, కొత్తవారికి నేర్పుట, పదవీవిరమణ సభలకు చందాలు పోగుచేయుట మొదలైనవి స్త్రీలకు సహజమని వారిమీదికి నెట్టి, పదోన్నతి వచ్చునప్పటికి వానిని లెక్కలోనికి తీసికొనని కార్యాలయము న్యాయమైనదని చెప్పుటకు వీలులేదు.

పక్కపక్కనే ఒకే పనిచేయుచు వేరువేరు జీతములు పొందు రెగ్యులరు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు ఉద్యోగుల స్థితి నేటి మన కార్యస్థానములలో అన్నింటికన్న పెద్ద పరీక్ష. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీచేయు కాంట్రాక్టు నర్సు రోగి బంధువులను ఓదార్చుటకు నిలిచినపుడు, విద్యుత్ ఉపకేంద్రమున తాత్కాలికోద్యోగి గాలివానలో స్తంభమెక్కినపుడు, వారు సంస్థకు ఇచ్చుచున్నది ఒడంబడికలో లేనిది. వారికి మాత్రము ఒడంబడికలోనిదే సకాలమున ముట్టదు. సమాన పనికి సమాన వేతనమను సూత్రము తాత్కాలికోద్యోగులకును వర్తించునని సుప్రీంకోర్టు 2016లో పంజాబు రాష్ట్రమునకు సంబంధించిన జగ్జీత్‌సింగ్ వ్యాజ్యమున తీర్పు చెప్పియున్నది. ఆ తీర్పును ప్రభుత్వములు తమ శాఖలన్నింటను తామై అమలు జరుపవలెను. ప్రతి ఉద్యోగిని వేరువేరుగా న్యాయస్థానపు మెట్లెక్కింపరాదు.